పికప్ బండికి లిఫ్ట్ కిట్ ఎంచుకోవడం ఎలా: ముందు బరువు, తర్వాతే ఎత్తు

నర్సంపేట నుంచి పాకాల వైపు గానీ, ములుగు నుంచి తాడ్వాయి వైపు గానీ తారు రోడ్డు దిగి చేను దాకా పికప్ తీసుకెళ్లే వాళ్లందరికీ వానాకాలంలో ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే. ట్రాక్టర్లు తొక్కిన బండ్ల బాటలో రెండు పక్కలా లోతైన గాడులు పడి, మధ్యలో మిగిలిన మట్టి గట్టు బండి కడుపుకు రాసుకుంటుంది. నల్లరేగడి అయితే ఆ గట్టు మెత్తగా ఉండి బండిని పట్టేసుకుంటుంది. చెలక నేల అయితే తేలిన మొరం రాళ్లు సైలెన్సర్ పైపును ఊడబెరుకుతాయి. రెండు మూడు సార్లు ట్రాక్టరు కట్టి లాగించుకున్న తర్వాత, బండిని రెండు అంగుళాలు ఎత్తు చేయిస్తే పీడ పోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, చేయించాను, ఒకసారి దెబ్బ తిన్నాను, మళ్లీ సరిగ్గా చేయించాను. ఇలా ఎత్తు పెంచే విడిభాగాల సెట్టునే లిఫ్ట్ కిట్ అంటారు. అది కొనే ముందు ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు బండి కింద పడుకొని చూడండి

కిట్ల ధరలు అడగడానికి ముందు ఒక పాత గోనెసంచి పరచుకొని, చేతిలో టార్చి లైటు పట్టుకొని బండి కిందికి దూరండి. ఇన్నాళ్లూ నేలకు తగిలిన చోటల్లా రంగు పోయి ఇనుము మెరుస్తూ ఉంటుంది, లేదా ఎండిన మట్టి గీతలు పొడవుగా ఉంటాయి. ఆ గీతలు ఏ భాగం మీద ఉన్నాయన్న దాని మీదే మిగతా నిర్ణయమంతా ఆధారపడి ఉంటుంది.

ఛాసిస్ అడ్డపట్టీల మీద, గేర్‌బాక్స్ కింది రేకు మీద, డీజిల్ ట్యాంకు మీద, సైలెన్సర్ మీద, ముందు బంపరు కింది అంచు మీద గీతలుంటే సస్పెన్షన్ లిఫ్ట్ వల్ల, అంటే స్ప్రింగుల దగ్గర ఎత్తు పెంచడం వల్ల, ప్రయోజనం ఉంటుంది, ఎందుకంటే ఈ భాగాలన్నీ స్ప్రింగుల పైన ఉంటాయి కాబట్టి స్ప్రింగు ఎత్తు పెరిగినంత మేరా ఇవి పైకి లేస్తాయి. గీతలు వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద మాత్రమే ఉంటే, ఎంత ఖరీదైన లిఫ్ట్ కిట్ వేసినా ఆ గుండు ఒక్క వెంట్రుక వాసి కూడా పైకి లేవదు. యాక్సిల్ చక్రాల మీద కూర్చొని ఉంటుంది, స్ప్రింగు దాని పైన ఉంటుంది. కాబట్టి యాక్సిల్ ఎత్తు టైరు సైజును బట్టే మారుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక డబ్బు పోసిన వాళ్లను నేను చాలా మందిని చూశాను.

టైరు లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. 245/70 ఆర్16 టైరు మొత్తం ఎత్తు దాదాపు 749 మిల్లీమీటర్లు. 265/70 ఆర్16 టైరుది దాదాపు 777 మిల్లీమీటర్లు. తేడా 28 మిల్లీమీటర్లు అనిపిస్తుంది గానీ యాక్సిల్ టైరు మధ్యలో ఉంటుంది కాబట్టి డిఫరెన్షియల్‌కు దక్కేది అందులో సగం, అంటే 14 మిల్లీమీటర్లే. దానికి బదులుగా స్పీడోమీటరు నాలుగు శాతానికి కొంచెం తక్కువగా తప్పు చూపిస్తుంది: ముల్లు 80 మీద ఉన్నప్పుడు బండి నిజానికి 83 మీద పోతుంటుంది. పెద్ద టైరు తిప్పడానికి ఇంజను ఎక్కువ కష్టపడుతుంది, బ్రేకు కూడా ఎక్కువ కష్టపడుతుంది. అందుకని లిఫ్ట్ చేయించిన ప్రతి బండికీ టైర్లు కూడా పెంచాలన్న మాటను గుడ్డిగా నమ్మకండి.

కుంగిన బండిని మొదటి ఎత్తుకు తెచ్చుకోవడం

కింద చూసిన తర్వాత బయటికి వచ్చి టేపుతో కొలవండి. ఖాళీ బండిని గచ్చు మీద, చదునైన చోట నిలిపి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి పుస్తకంలో రాసుకోండి. నేల నుంచి కొలవకూడదు, ఎందుకంటే టైరులో గాలి తగ్గినా, టైరు అరిగినా ఆ కొలత మారిపోతుంది. తర్వాత మీరు మామూలుగా వేసే సరుకు వేసి అవే నాలుగు కొలతలు మళ్లీ తీసుకోండి. వీలైతే అదే మోడల్ కొత్త బండి ఉన్న వాళ్లను అడిగి దాని కొలతలు కూడా రాసుకోండి.

ఏళ్ల తరబడి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తోలిన పికప్‌లను ఇలా కొలిస్తే, వెనక ఒక పక్క ఎక్కువగానూ ఒక పక్క తక్కువగానూ కుంగిపోయి కనిపిస్తాయి. అలాంటి బండికి కావలసింది లిఫ్ట్ కిట్ కానే కాదు. కంపెనీ చెప్పిన పార్టు నంబరుతో కొత్త కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగులు), కొత్త రబ్బరు బుష్షులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించుకుంటే పోయిన ఎత్తు తిరిగి వస్తుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, బీమాతో పేచీ రాదు, బ్రేకుల అమరిక చెడిపోదు. పాత పట్టీలనే విప్పి సుత్తితో కొట్టి వంపు ఎక్కించి ఇచ్చే పని చవకగా అవుతుంది గానీ, పట్టీని మళ్లీ కాల్చి పదును పెట్టకుండా ఊరికే వంచితే ఆ వంపు ఎక్కువ కాలం నిలవదు. సరుకు మోసే బండికి ఆ పని చేయించమని నేను ఎవరికీ చెప్పను.

చట్టం సంగతి

ఈ భాగాన్ని దాటవేయకండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

కాబట్టి మీరు అనుకుంటున్న మార్పు ఏమిటో, ఎంత ఎత్తో కాగితం మీద రాసుకొని మీ జిల్లా ఆర్టీఏ కార్యాలయంలో ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. బీమా కంపెనీకి కూడా అదే కాగితం ఇచ్చి సమాధానం తీసుకోండి. సరుకు బండి అయితే ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ తప్పదు: ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా ఒకసారి. అప్పుడు బండి కింద కూడా చూస్తారు. వారంటీ ఇంకా నడుస్తున్న బండి అయితే షోరూములో సర్వీసు మేనేజరుతో మాట్లాడకుండా ఒక్క బోల్టు కూడా విప్పించవద్దు. కిట్ అమ్మే వాళ్లు ‘అందరూ వేసుకుంటున్నారు, ఏమీ కాదు’ అంటారు. ప్రమాదం జరిగిన రోజు ఆ మాట అన్న వాళ్లెవరూ మీ పక్కన నిలబడరు.

అనుమతి రాకపోతే పైన చెప్పిన పద్ధతిలో అసలు ఎత్తుకు తెచ్చుకోవడంతో ఆగిపోవడమే మేలు. అనుమతి వచ్చిన వాళ్లకూ, రోడ్డు మీదికి రాకుండా సొంత తోటలోనే బండి వాడుకునే వాళ్లకూ మిగతా సంగతులు పనికొస్తాయి.

మీ బండి కింద ఏముంది

కిట్ ఎంపిక బండి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌కూ, టొయోటా హైలక్స్‌కూ ముందు వైపు డబుల్ విష్‌బోన్ చేతులూ (చక్రాన్ని పట్టి ఉంచే పై చేయి, కింది చేయి) కాయిల్ స్ప్రింగులూ ఉంటాయి, వెనక కమాన్ పట్టీలుంటాయి. టాటా జెనాన్‌కు ముందు కాయిల్ స్ప్రింగు ఉండదు, దాని స్థానంలో మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే పొడవాటి టార్షన్ బార్ ఉంటుంది. బొలెరో పికప్ తరహా సరుకు బండ్లలో చాలా వాటికి ముందూ వెనకా కమాన్ పట్టీలే. ఈ తేడా తెలియకుండా ‘పికప్ లిఫ్ట్ కిట్’ అని అడిగి కొనడం, కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడం లాంటిది.

కాయిల్ స్ప్రింగు బండ్లకు మూడు రకాల పరిష్కారాలు అమ్ముతారు. మొదటిది స్పేసర్: స్ప్రింగూ షాకూ కలిసి ఉండే స్ట్రట్ పైభాగంలో ఒక దిమ్మె పెట్టి ఎత్తు పెంచడం. స్ప్రింగు కింది చేతికి మధ్యలో ఎక్కడో ఆనుకొని ఉంటుంది కాబట్టి 25 మిల్లీమీటర్ల దిమ్మె పెడితే చక్రం దగ్గర దాదాపు రెండింతల ఎత్తు వస్తుంది. చవకైన పనే గానీ స్ప్రింగు పాతదే, షాక్ పాతదే. చక్రం కిందికి జారేటప్పుడు చేతులు ముందుగానే చివరి అంచుకు చేరి, చక్రం వైపు కీళ్లైన బాల్ జాయింట్లను గుంజుతాయి. రెండోది ఎత్తైన, తగిన బరువుకు తయారైన కొత్త స్ప్రింగులూ వాటికి సరిపడే షాక్‌లూ కలిసిన పూర్తి సెట్. నేను సిఫారసు చేసేది ఇదే. మూడోది నాలుగు అంగుళాలూ అంతకు మించీ ఎత్తు పెంచే భారీ కిట్. దీనికి డిఫరెన్షియల్‌ను కిందికి దింపే బ్రాకెట్లూ, స్టీరింగ్ భాగాల మార్పులూ, కొన్నిటికి వెల్డింగూ అవసరమవుతాయి. మన రోడ్లకూ, మన పనులకూ, మన చట్టానికీ ఇది తగదు.

ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న బండికి 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు, హద్దు అనుకోండి. అది దాటితే ఫోర్ బై ఫోర్ బండ్లలో ముందు చక్రాలకు శక్తినందించే సీవీ జాయింట్లు బాగా వంగిన కోణంలో తిరగాల్సి వస్తుంది. వాటి రబ్బరు తొడుగులు మడత దగ్గర చిరిగి, గ్రీజు పోయి, బురద చేరి జాయింటే పోతుంది. పై చేతి కోణం కూడా మారిపోయి, అలైన్‌మెంట్ యంత్రం మీద ఎంత సరిచేసినా చక్రం వాలు, స్టీరింగ్ వాలు కొలతలైన క్యాంబర్, క్యాస్టర్ లెక్కలోకి రావు. నా దృష్టిలో మన ప్రాంతానికి 40 మిల్లీమీటర్లు చాలు.

టార్షన్ బార్ బండ్ల విషయంలో ఒక హెచ్చరిక. బార్ చివరి బోల్టును నాలుగు చుట్లు బిగించి ‘లిఫ్ట్ అయిపోయింది’ అనే మెకానిక్‌లు ఉన్నారు. ఎత్తు లేచిన మాట నిజమే, కానీ చక్రం గుంతలోకి దిగడానికి మిగిలి ఉండాల్సిన కదలిక అంతా ఆ బిగింపులోనే ఖర్చయిపోతుంది. గుంత వచ్చినప్పుడల్లా ‘ధడ్’మని పై నుంచి సుత్తితో కొట్టినట్టు తగులుతుంది. కుంగిన బండిని అసలు ఎత్తుకు తేవడానికి ఆ బోల్టు ఉంది గానీ దాన్ని మించి ఎత్తు పెంచడానికి లేదు.

వెనక భాగం: సరుకు మోసేది ఇదే

ముందు భాగం గురించి అందరూ మాట్లాడతారు, కానీ మన బండ్లు బతికేది వెనక కమాన్ మీద. అక్కడ ఎత్తు పెంచడానికి నాలుగు దారులున్నాయి.

కమాన్ కట్ట కొనను ఛాసిస్‌కు తగిలించే షాకిల్‌ను పొడవుది వేయడం ఒకటి. రెండు అంగుళాలు పొడవైన షాకిల్ వేస్తే ఒక అంగుళం ఎత్తు వస్తుంది, ఎందుకంటే కట్టకు ఒక కొన మాత్రమే కిందికి జరుగుతుంది. దానితో పాటు యాక్సిల్ కొంచెం తిరిగి, వెనక చక్రాలకు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది, మలుపుల్లో వెనక భాగం పక్కకు ఊగుతుంది. రెండోది కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చడం. మూడోది యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టడం. నాలుగోది మీ బరువుకు తగ్గట్టు తయారైన పూర్తి కొత్త కట్ట వేయడం.

దిమ్మె గురించి నా అనుభవం చెప్పాలి. కొన్నేళ్ల కింద నా బండికి ఒక షాపులో వెనక రెండు అంగుళాల దిమ్మెలు పెట్టించాను. కట్టను యాక్సిల్‌కు బిగించే పొడవు యు బోల్టులు కొత్తవే వేశారు, చూడటానికి పని శుభ్రంగానే కనిపించింది. అయితే కొంత దూరం తిరిగాక తిరిగొచ్చి మళ్లీ బిగించుకోవాలని అక్కడ ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. మిర్చి సీజనులో, చెడగొట్టు వాన పడిన మర్నాడు 38 బస్తాలతో మల్లంపల్లి దాటుతుండగా గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి ‘టక్’మన్న శబ్దం మొదలైంది. స్టీరింగ్ నేరుగా పట్టుకున్నా బండి కొంచెం ఓరగా పోతున్నట్టు అనిపించింది. పక్కన తడి మట్టి మీదికి దింపి, పది గజాలు నడిపి, దిగి వెనక్కి వెళ్లి చూశాను. కుడి పక్కన వెనక టైరు అచ్చు ముందు టైరు అచ్చు కంటే లోపలికి పడింది. ఎడమ పక్కన వెనక టైరు అచ్చు రెండు వేళ్ల వెడల్పు బయటికి జరిగి ఉంది. కిందికి వంగి చూస్తే యు బోల్టులు చేత్తో కదిపితే కదులుతున్నాయి. కట్టను దిమ్మెకు పట్టి ఉంచే సెంటర్ బోల్టు తల తెగిపోయి, దిమ్మె ముందుకు జారి, దాని అంచు దగ్గర ఇనుము కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. ఇంకో ట్రాలీ పిలిపించి బస్తాలు మార్పించి, ఖాళీ బండిని మెల్లగా వరంగల్ ఆటోనగర్ దాకా తెచ్చుకున్నాను. అదే వేగంలో ఇంకొంత దూరం పోయి ఉంటే యాక్సిల్ మొత్తం జరిగి ఎదుటి బండి మీదికి పోయేదేమో.

దిమ్మెలు పెట్టకూడదని నేను అనను. కొన్ని బండ్లకు కంపెనీ నుంచే దిమ్మె వస్తుంది. అయితే కొన్ని నియమాలకు మినహాయింపు లేదు. ఒక దిమ్మె మీద ఇంకో దిమ్మె పెట్టకూడదు. చెక్క దిమ్మె ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. పాత యు బోల్టులను విప్పి మళ్లీ వాడకూడదు, ఎందుకంటే ఒకసారి బిగించినప్పుడే అవి సాగుతాయి. ముందు యాక్సిల్‌కు కమాన్ పట్టీలున్న బండికి ముందు వైపు దిమ్మె అసలే పెట్టకూడదు; బ్రేకు వేసినప్పుడు పడే తోపులో ఎక్కువ భాగం ముందు యాక్సిల్ మీదే పడుతుంది, ఆ తోపుకు దిమ్మె తన్నుకొని బయటికి వస్తే స్టీరింగ్ చేతిలో ఉండి కూడా లేనట్టే.

కాంటా చీటీ లేకుండా స్ప్రింగు కొనకండి

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ వదిలేసేది ఇదే. లిఫ్ట్ కిట్ స్ప్రింగులు ఒకే ఎత్తులో ఉన్నా వేర్వేరు బరువులకు వేర్వేరుగా తయారవుతాయి: ఖాళీగా తిరిగే బండికి ఒకటి, ఎప్పుడూ 300 కిలోలు మోసే బండికి ఒకటి, ఎప్పుడూ 500 కిలోలు మోసే బండికి ఒకటి. ఇక్కడ ‘ఎప్పుడూ’ అన్న మాట మీద దృష్టి పెట్టండి. నెలకు రెండు సార్లు టన్ను వేసి, మిగతా రోజులు ఖాళీగా తిరిగే బండి టన్ను బండి కాదు.

బండిని దగ్గరలోని వేబ్రిడ్జి కాంటాకు తీసుకెళ్లండి. ముందు ఖాళీ బండి మొత్తం తూకం వేయించండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూకం వేయించండి. బండిలో ఎప్పుడూ ఉండే సామాను, అంటే ఇనుప ఫ్రేము, స్టెప్నీ, జాకీ, తాళ్లు, పనిముట్ల పెట్టె, అన్నీ ఉన్నప్పుడే ఇది చేయాలి. తర్వాత మామూలు సరుకుతో మళ్లీ అదే చేయండి. ఆ చీటీలన్నీ పట్టుకొని వెళ్లి ‘ఖాళీగా ఇంత, సరుకుతో ఇంత, వారంలో ఇన్ని రోజులు సరుకు ఉంటుంది’ అని చెబితే, పని తెలిసిన అమ్మకందారుడు వెంటనే తగిన స్ప్రింగు చెప్పగలడు. చీటీ వైపు చూడకుండా ‘హెవీ డ్యూటీ వేసుకోండి’ అని మాత్రమే చెప్పే చోట కొనకండి.

అవసరానికి మించి గట్టి స్ప్రింగు వేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఖాళీ బండి వెనక భాగం ప్రతి గతుకు మీదా ఎగురుతుంది. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక టైరు నేలను వదిలి జారుతుంది. మెత్తటి స్ప్రింగు వేస్తే సరుకుతో బండి వెనక్కి కూర్చొని, ముందు లైట్లు ఆకాశాన్ని చూస్తాయి. ఇంకో మాట: స్ప్రింగు ఎంత గట్టిదైనా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న మొత్తం బరువు పరిమితి ఒక్క కిలో కూడా పెరగదు. ఆ పరిమితిని కమాన్ ఒక్కటే నిర్ణయించదు. బ్రేకులు, యాక్సిల్, ఛాసిస్, టైర్లు అన్నీ కలిసి నిర్ణయిస్తాయి.

సరుకు రకం కూడా చూడాలి. సిమెంటు బస్తాలు డాలా సగం దాకా కూడా రావు, బరువంతా కిందే ఉంటుంది. మిర్చి, పత్తి అలా కాదు. బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. క్యాబిన్ దాటి మనిషెత్తు లేచిన పత్తి లోడుకు కింద నుంచి ఇంకో రెండు అంగుళాలు చేరిస్తే బండి గురుత్వ కేంద్రం మరింత పైకి పోతుంది. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ లాంటి మలుపుల్లో ఆ తేడా తెలుస్తుంది. మీరు ఎక్కువగా మోసేది పత్తే అయితే లిఫ్ట్ ఆలోచన మానుకోండి. సరుకెత్తే హమాలీల నడుము గురించి కూడా ఆలోచించండి: రోజుకు వంద బస్తాలెత్తే మనిషికి రెండు అంగుళాలు చిన్న విషయం కాదు.

షాక్‌లు, బ్రేకులు, షాఫ్ట్

కిట్‌లో షాక్ అబ్జార్బర్లు లేకపోతే అది సగం కిట్. పాత షాక్ పొడవు పాత ఎత్తుకు సరిపోయేలా చేసినది. బండి లేచాక చక్రం గుంతలోకి దిగినప్పుడు షాక్ పూర్తిగా సాగిపోయి, తానే ఆపుడు కర్రలా పనిచేసి, కొద్ది రోజులకే కారుతుంది. కొత్త షాక్ పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవూ, పూర్తిగా సాగినప్పటి పొడవూ అమ్మకందారుని అడిగి రాసుకోండి. ముడుచుకునే వైపు షాక్ కంటే ముందు రబ్బరు బంప్ స్టాప్ తగలాలి. ఒకే గొట్టం ఉన్న మోనోట్యూబ్ షాక్ త్వరగా చల్లారుతుంది, కానీ దాని ఒంటికి రాయి తగిలి సొట్ట పడితే లోపలి పిస్టన్ ఇరుక్కుంటుంది. కరీంనగర్ గ్రానైటు క్వారీల వైపు, కంకర దారుల్లో తిరిగే వాళ్లకు రెండు గొట్టాల షాకే నయమని నా అభిప్రాయం.

వెనక బ్రేకు విషయంలో చాలా మంది మెకానిక్‌లు మరిచిపోయే భాగం ఒకటి ఉంది. చాలా పికప్‌లలో ఛాసిస్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య ఒక సన్నటి కడ్డీ, దానికి తగిలించిన వాల్వు ఉంటాయి. సరుకు వేసినప్పుడు బండి కుంగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు తగ్గిస్తుంది. బండిని రెండు అంగుళాలు లేపితే సరుకు నిండా ఉన్నా బండి ఖాళీగా ఉందనే ఆ వాల్వు అనుకుంటుంది, వెనక బ్రేకు సరిగ్గా పట్టదు. దీనికి కడ్డీ బ్రాకెట్‌ను తగినంత జరపాలి. మీ కిట్‌లో ఆ బ్రాకెట్ ఉందో లేదో అడగండి, ‘అదేంటి?’ అని అవతలి వాళ్లు మిమ్మల్నే అడిగితే అక్కడ పని చేయించవద్దు.

బ్రేకు హోసు పైపులు, హ్యాండ్ బ్రేకు కేబులు, ఏబీఎస్ తీగ కూడా కొత్త ఎత్తుకు సరిపోవాలి. వెనక షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉన్న బండికి మధ్య బేరింగును కొంచెం కిందికి దింపే దిమ్మెలు అవసరం కావచ్చు. లేకపోతే బండి కదిలేటప్పుడు గానీ, ఒక వేగం దగ్గర గానీ కాళ్ల కింద వణుకు మొదలై, కొన్నాళ్లకు షాఫ్ట్ కీళ్లైన క్రాసులు అరిగిపోతాయి.

ఎక్కడి కిట్, ఎవరి చేతి పని

డీ-మ్యాక్స్, హైలక్స్ బండ్లు ఆస్ట్రేలియాలోనూ థాయ్‌లాండ్‌లోనూ విరివిగా తిరుగుతాయి, అక్కడా మనలాగే కుడి చేతి స్టీరింగే. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, థాయ్‌లాండ్ నుంచి వచ్చే ప్రొఫెండర్ లాంటి పేర్లు వినిపించడానికి కారణం అదే. పేరు కంటే మీ మోడల్‌కూ, తయారైన సంవత్సరానికీ సరిపోయే పార్టు నంబరు ముఖ్యం. పాత తరం బండి కిట్ కొత్త తరానికి పట్టదు. బొలెరో పికప్ లాంటి సరుకు బండ్లకు ఇలాంటి తయారు కిట్‌లు దొరకడం కష్టం, కాబట్టి కమాన్ షాపులో పూర్తి కట్ట చేయించుకోవడమే దారి. అప్పుడు పట్టీల సంఖ్య, మందం, వంపు కొలతలు బిల్లు మీద రాయించుకోండి.

ఒక మాట నీళ్ల గురించి. వాగు దాటడానికే లిఫ్ట్ చేయిస్తున్నామని చెప్పే వాళ్లున్నారు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. అలాంటి నీటి ముందు రెండు అంగుళాలు లెక్కలోకే రావు. పారే నీరు బండిని పక్క నుంచి తోస్తుంది, ఎత్తైన బండినైనా కింద నుంచి కూడా ఎత్తేస్తుంది. వాగు మీద నీరు పారుతుంటే ఆగాల్సిందే.

బిగించే రోజు, ఆ తర్వాత

పని జరుగుతున్నంత సేపు అక్కడే ఉండండి. కమాన్ కన్నుల బోల్టులు, చేతుల బుష్ బోల్టులు బండిని జాకీ మీద వేలాడదీసి పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువుతో కూర్చున్నాకే చివరి బిగింపు జరగాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి తొందరగా చినిగిపోతుంది. యు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన లెక్కకు బిగించాలి. పైపు తొడిగి బలం కొద్దీ లాగే పద్ధతి ఒప్పుకోవద్దు.

బిగింపు పూర్తయ్యాక ఒక చక్రాన్ని గట్టు ఎక్కించి, ఎదురు మూల చక్రం వేలాడేలా నిలిపి, బ్రేకు పైపులు గుంజుకుంటున్నాయేమో, టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో, స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి. అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించి, యంత్రం ఇచ్చిన ముందూ వెనకా కొలతల కాగితం తీసుకోండి. లైట్ల వెలుగును గోడ మీద చూసి కిందికి దింపించండి. బండి లేస్తే లైటూ లేస్తుంది, రాత్రి ఎదురొచ్చే బైకు మనిషికి కళ్లు కనబడవు.

మొదటి వారం ఖాళీగా, లేదా సగం సరుకుతో తిప్పండి. 100 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 500 కిలోమీటర్ల దగ్గర ఒకసారి యు బోల్టులన్నీ మళ్లీ బిగించుకోండి. నెల తిరిగాక గచ్చు మీద అదే చోట బండిని నిలిపి, హబ్ నుంచి మడ్‌గార్డ్ దాకా నాలుగు కొలతలు మళ్లీ తీసుకోండి. కొత్త స్ప్రింగు కొంత సర్దుకోవడం మామూలే. ఎడమకూ కుడికీ ఎక్కువ తేడా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా బిల్లు, కాంటా చీటీలు, కొలతల పుస్తకం పట్టుకొని బిగించిన చోటికే వెళ్లండి. తడి మట్టి దొరికినప్పుడల్లా బండి దిగి టైరు అచ్చులు ఒకసారి చూసుకోవడం నేను ఇప్పటికీ మానలేదు.